గుంటూరు నుంచి తెనాలి దాకా కదలకుండా

మస్తాన్ గారు ఫోన్ చేసినప్పుడు నేను మెల్బోర్న్ శివారు టార్నీట్‌లో మా ఇంటి ముందుగదిలో, కుర్చీకి వీపు ఆనించకుండా కూర్చుని ఉన్నాను. గొప్ప కోసం చెప్పడం లేదు. మా ఇంట్లో మగపిల్లలకు అక్షరాల కంటే ముందు నేర్పేది అదే. కుర్చీకి వెనక భాగం గుమాస్తాల కోసం చేయిస్తారని మా తాతగారు అనేవారు. నాన్నగారి కాలానికి ఎస్టేటు పోయింది, గుమాస్తాలు పోయారు, కొన్నాళ్లకు కుర్చీలు కూడా పోయాయి. వెన్నెముక మాత్రం ఎవరూ జప్తు చేయలేదు కాబట్టి నేను దాన్ని ఆస్ట్రేలియా తెచ్చుకున్నాను.

"దొరా, కొట్టు మూసేస్తున్నా," అన్నారు మస్తాన్ గారు. "మావాడు ట్రుగనీనాలో ఇల్లు కట్టాడు గదా, అక్కడికి పోతన్నాం. నీ మెడ ఒకటి ఇక్కడ ఉండిపోయింది. వచ్చి తీసకపో."

మెడ అంటే ఒక ఇనుప స్టాండు. మనిషి ఎత్తు ఉంటుంది, కింద బరువైన మూడు కాళ్లు, పైన రెండు వేళ్ల లాంటి కొక్కేలు. పాతకాలం ఫోటోల్లో మనుషులు అంత నిటారుగా, అంత కోపంగా ఎందుకుంటారని మా అమ్మాయి నీలిమ చిన్నప్పుడు అడిగేది. వెనక నుంచి ఈ ఇనుము మెడ పట్టుకుని ఉంటుంది కనుక. నా యవ్వనంలో ఒక ఎండాకాలమంతా ఆ ఇనుము పక్కనే గడిచింది. నా పెళ్లి కూడా దాని చలవేనని మొన్నటిదాకా నమ్మాను.

అప్పట్లో నేను మెల్బోర్న్‌లో యూనివర్సిటీలో చదువుతున్నాను. ఇక్కడ ఎండాకాలంలో వచ్చే క్రిస్మస్ సెలవులకి మిగతా కుర్రాళ్లంతా పళ్లు కోసే పనికి వెళ్లారు. వంగి చేసే పని మా వంశానికి అలవాటు లేదు. నిలబడి చేసే పని ఏదైనా ఉందా అని వెతుకుతుంటే ఎవరో మస్తాన్ గారి పేరు చెప్పారు. మెల్బోర్న్‌కి గంటన్నర దూరంలో, ఒకప్పుడు బంగారం తవ్విన చిన్న ఊరు అది. బంగారం ఎప్పుడో అయిపోయింది. దాన్ని చూడడానికి వచ్చే జనం మాత్రం అయిపోలేదు. ఆ జనానికి విక్టోరియా రాణి కాలం నాటి పద్ధతిలోనే, ఆ కాలం బట్టలు తొడిగి, ఆ కాలం పెట్టెకెమెరాతో రేకు మీద ఫోటో తీసి ఇచ్చే స్టూడియో ఆయనది. మస్తాన్ గారి నాన్న తెనాలిలో ఫోటోగ్రాఫరు. ఈయన ఆస్ట్రేలియా వచ్చి ఫ్యాక్టరీలో కొన్నాళ్లు పనిచేసి, ఒకరోజు సరదాగా ఆ ఊరు చూడడానికి వెళ్లి, ఆ స్టూడియో నడిపే ముసలి తెల్లాయన దగ్గర ఫోటో తీయించుకుని, మర్నాడు బట్టలు సర్దుకుని అక్కడికే వెళ్లిపోయారట. ముసలాయన పోతూ పోతూ కెమెరా, కొట్టు, ఇనుప మెడ ఈయనకే వదిలి వెళ్లాడు. పొడుగు కోటు, గొలుసు గడియారం, పైకి మెలితిప్పిన మీసం, అందులోంచి స్వచ్ఛమైన తెనాలి తెలుగు. మొదటిసారి చూసినప్పుడు నమస్కరించాలో, టికెట్ కొనాలో నాకు అర్థం కాలేదు.

నా ఉద్యోగం వచ్చినవాళ్లకి వేషం వేయడం. సంస్థానపు బొక్కసంలో వస్త్రాల అధికారి ఉండేవాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. నాన్నగారికి ఉత్తరంలో అదే హోదా రాశాను. అబద్ధమేమీ కాదు. ఒక గది నిండా మఖ్మల్ కోట్లు, లేసు గౌన్లు, సైనికుల దుస్తులు నా అధీనంలో ఉండేవి. వాటిలో ఒక్కదానికీ వీపు లేదు. లావువాళ్లకీ సన్నవాళ్లకీ ఒకటే సరిపోవాలి కాబట్టి అన్నిటినీ వెనక నిలువునా కోసి నాడాలు కుట్టారు. ముందు నుంచి చూస్తే జమీందారిణి, వెనక నుంచి చూస్తే ఈత నిక్కరు. మొదటిరోజు అది చూసి నాకు బాధ కలిగింది. ఆలోచించగా, మా కోట కూడా సరిగ్గా అలాగే ఉండేది. వీధి వైపు సింహద్వారం, స్తంభాలు చెక్కుచెదరలేదు. ద్వారం దాటితే ఆకాశం. వచ్చినవాళ్లని మా నాన్నగారు వీధి అరుగు మీదే కూర్చోబెట్టి పంపేసేవారు. ముందు భాగాన్ని కాపాడుకోవడం ఎంత కష్టమో తెలిసినవాణ్ణి కనుక, ఆ నాడాలు నా అంత శ్రద్ధగా ఎవరూ కట్టి ఉండరు.

ఆ ఇంటి వాసనలు ఇప్పటికీ నా ముక్కులో ఉన్నాయి. స్టూడియో ముందు, ఇల్లు వెనక. మధ్యలో చీకటిగది. పొద్దున్నే మస్తాన్ గారు నల్లటి రేకు మీద మందు పోసి, పళ్లెంలో దోసె పిండి తిప్పినట్టు నాలుగు మూలలకీ తిప్పేవారు. దాంతో ఆసుపత్రిలో మత్తుమందు వాసన వచ్చేది. రేకుని వెండి ద్రావకంలో ముంచి, తడి ఆరకముందే ఫోటో తీసి, తడి ఆరకముందే కడగాలి. ఆఖరున ల్యావెండర్ నూనె కలిపిన వార్నిష్ పూసి దీపం మీద వెచ్చచేసేవారు. అప్పుడు అత్తరు దుకాణం వాసన. సరిగ్గా అదే సమయానికి వెనక వంటింట్లో ఆయన భార్య ఖైరున్ గారు ఉల్లిపాయలు వేయించేవారు. మత్తుమందు, అత్తరు, ఉల్లిపాయ కలిసి వచ్చే ఆకలి మరెక్కడా నాకు వేయలేదు. వెండి ద్రావకం అంటి మస్తాన్ గారి వేళ్లు ఎప్పుడూ నల్లగా ఉండేవి. ఆ చేత్తో అన్నం తింటుంటే ఖైరున్ గారు రోజూ ఒకే మాట అనేవారు: "ఏందయ్యా, బొగ్గు బస్తాకి పెళ్లి చేశారా నన్ను?" ఆయన రోజూ అదే జవాబు: "వెండి ఖైరూ. నీ మొగుడి చేతికి ఉన్నది వెండి."

ఇక ఫోటో తీయడం. రేకు మీద బొమ్మ పడడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఎండ ఉంటే తక్కువ, మబ్బు పడితే ఎక్కువ. అంతసేపు కదలకూడదు. మస్తాన్ గారు గడియారం గొలుసు వేలాడేసుకునేవారే కాని, గడియారం చూసేవారు కాదు. తన ఊరి ప్యాసింజరు బండి స్టేషన్లు లెక్కపెట్టేవారు. కెమెరా మూత తీసి, గంభీరంగా, నెమ్మదిగా "గుంటూరు... వేజెండ్ల... సంగం జాగర్లమూడి... అంగలకుదురు... తెనాలి" అని మూత పెట్టేవారు. మంచి ఎండలో జాగర్లమూడిలోనే దిగిపోవచ్చు. మామూలు రోజు తెనాలి. వాన ముసురు పట్టిందంటే బండి మారి రేపల్లె దాకా వెళ్లాలి. ముక్కు మీద ఈగ వాలినా కదలకుండా రేపల్లె వెళ్లిన తెల్లవాళ్లని నేను ఎందరినో చూశాను. ఒకాయన భయభక్తులతో అడిగాడు, "ఈజ్ దట్ ఎ ప్రేయర్?"

"యెస్ మేట్," అన్నారు మస్తాన్ గారు. "వెరీ ఓల్డ్. ప్యాసింజర్ ప్రేయర్."

ఆ సెలవుల్లోనే నాన్నగారి నుంచి కబురు వచ్చింది. తుని దగ్గర మంచి కుటుంబం, అమ్మాయి పేరు సుభద్ర, చదువుకుంది. నా ఫోటో ఒకటి నేరుగా వాళ్లింటికి పంపమన్నారు. మా పరిస్థితి తెలిసిన నాలుగు సంబంధాలు అప్పటికే అరుగు మీద నుంచే వెనక్కి వెళ్లిపోయాయి. ఇది కూడా పోతే నాన్నగారు ఇక ఎవరి గుమ్మం ఎక్కేలా లేరు. కనుక ఫోటో అంటూ పంపితే అది చూసిన క్షణంలో సింహద్వారం వెనక ఇంకా ఇల్లు ఉందని అనిపించాలి. ఊళ్లో రంగుల ఫోటో తీసేవాళ్లు ఉన్నారు. నవ్వమంటారు. పెళ్లి సంబంధానికి నవ్వుతూ ఫోటో పంపడం మా ఇంటా వంటా లేదు. రేకు మీదే తీయించుకోవాలని నిశ్చయించుకున్నాను.

స్టూడియోలో మహారాజు వేషం ఒకటి ఉంది. వీపులేని ఆ వేషం నేను ముట్టుకోలేదు. ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్న అసలైన బట్టలు తీశాను. పసుపుపచ్చ పట్టు కోటు, ఎర్ర జరీ తలపాగా, ఎడమ భుజం మీద కండువా, నుదుట కుంకుమ. మస్తాన్ గారు చుట్టూ ఒకసారి తిరిగి చూశారు.

"బాగానే ఉంది గానీ దొరా, ఈ మందుకి పసుపు కనపడదు, ఎరుపు కనపడదు. రెండూ నల్లగా పడతాయి. నీలం కోటు ఇస్తా, వేసుకో. తెల్లగా మెరుస్తావు."

"పెళ్లికొడుకు పసుపు కట్టుకోవడం శుభం," అన్నాను.

"పోనీ కండువా అయినా అటు మార్చు. రేకు మీద బొమ్మ అద్దంలో లాగా పడుద్ది. కుడి ఎడమ అవుద్ది, ఎడమ కుడి అవుద్ది."

"కుడి భుజాన కండువా వేసుకునేది పితృకార్యానికి. నేను బతికుండగా వేసుకోను."

"అదే చెప్తన్నా, నువ్వు వేసుకోకపోతే రేకు వేస్తది."

ఆయన వ్యాపారస్థుడు, నేను సంప్రదాయజ్ఞుణ్ణి. నేను వినలేదు. ఈ దేశంలో ఎండ ఉత్తరం నుంచి పడుతుంది కనుక, మెత్తటి వెలుతురు కోసం అద్దాల కప్పు దక్షిణం వైపు పెడతారు. కాబట్టి నేను దక్షిణానికి ముఖం పెట్టి కూర్చోవాల్సి వచ్చింది. దానికి మాత్రం మనసులో దేవుడికి క్షమాపణ చెప్పుకున్నాను. అప్పుడు ఆయన ఇనుప స్టాండు నా వెనకకి జరిపారు.

"అది అక్కర్లేదు," అన్నాను. "మా వంశంలో ఎవరి మెడా ఎవరూ పట్టుకోలేదు."

"పట్టుకునేవాడు లేకే గదా దొరా ఎస్టేటు పోయింది," అంటూ కొక్కేలు బిగించారు.

మొదటి రేకు తెనాలి దాకా ఏ ఆటంకం లేకుండా నడిచింది. కడిగాక వెలుతురులో పట్టుకుని చూశాను. నేను కాదు, మా వంశమంతా కూర్చున్నట్టుంది. రాయిలో చెక్కిన మొహం. జాగ్రత్తకి ఇంకోటి తీద్దాం అన్నారాయన. మెడ కొక్కేలు వదులు చేశారు, ఎందుకో నేను గమనించలేదు. గుంటూరు దాటాం, వేజెండ్ల దాటాం. సంగం జాగర్లమూడి దగ్గర ఆయన ఆగిపోయారు. పెద్దగా నిట్టూర్చి, "సిగ్నల్ ఇవ్వలేదు," అన్నారు. నేను కదల్లేదు. అప్పుడు ఆ పొడుగు కోటు మనిషి ఒక చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, ముక్కుతో, "వడే... వేడి వేడి వడే..." అని ప్లాట్‌ఫారమ్ పొడుగునా నడిచివెళ్లినట్టు స్టూడియో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచారు. వంటింట్లోంచి ఖైరున్ గారు, "ఇటు రెండు ఇయ్యి," అని అరిచారు. మా వంశంలో ఆ విధంగా నవ్విన మొదటివాణ్ణి నేనే అయి ఉంటాను. ఆ రేకు మీద నాకు రెండు ముక్కులు, మూడు చేతులు, చెప్పలేనన్ని పళ్లు పడ్డాయి. దాన్ని వెంటనే గీకి పారేయమన్నాను.

"అట్టాగే దొరా," అన్నారు మస్తాన్ గారు, మొదటి రేకుని అట్టల మధ్య పెట్టి పార్సిల్ కడుతూ.

తర్వాత నెల తిరగకముందే తుని నుంచి జవాబు వచ్చింది. మా మర్యాదకి ఎంతో సంతోషించామని, అబ్బాయి ఫోటో కూడా పంపితే బాగుంటుందని. అబ్బాయి ఫోటో కూడా అంటే ఏమిటో నాన్నగారికీ అర్థం కాలేదు, నాకూ కాలేదు. ఫోటో ఎందుకు, మనిషినే పంపుతానన్నారు నాన్నగారు. ఇండియా చేరి ఆయన వెంట తుని వెళ్లాను. వాళ్ల హాల్లో అడుగు పెట్టి, ఎదురుగా గోడ వైపు చూశాను. సుభద్ర తాతగారి పటం పక్కన నేనున్నాను. నల్ల కోటు, నల్ల తలపాగా, నుదుట నల్ల బొట్టు, కుడి భుజాన కండువా. మెడలో చామంతి దండ. ముందు అగరొత్తులు వెలుగుతున్నాయి.

సుభద్ర నాయనమ్మగారు నన్ను పైనుంచి కిందకి చూసి, పటం వైపు చూసి, కళ్లు తుడుచుకున్నారు. "అచ్చు గుద్దినట్టు మీ తాతగారి పోలికే నాయనా. సంబంధం మాట్లాడేముందు పెద్దల పటం పంపి ఆశీర్వాదం అడిగే ఇళ్లు ఇప్పుడెక్కడున్నాయి? ఆ రోజు నుంచీ నేనే దీపం పెడుతున్నాను."

నాన్నగారు పటాన్ని చూశారు, నన్ను చూశారు, కూర్చున్న కుర్చీలో ఇంకాస్త నిటారు అయ్యారు. మాట నా మీదే పడింది. ఆ పటంలో ఉన్నది నేనని చెప్పడమంటే, బతికుండగానే నేను అలా ఉంటానని ఒప్పుకోవడం. ఆవిడ పెట్టిన అగరొత్తులన్నీ పెళ్లికొడుక్కి పెట్టినట్టవుతుంది. సంబంధం అక్కడికక్కడే అశుభమైపోతుంది.

"అవునండీ," అన్నాను. "అందరూ అదే అంటారు."

"ఎలా పోయారు నాయనా?"

"ప్రశాంతంగా," అన్నాను.

తలుపు పక్కన నిలబడ్డ సుభద్ర పమిట కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లిపోయింది. సిగ్గు అనుకున్నాను. సంబంధం కుదిరింది. నాయనమ్మగారు ఉన్నన్నాళ్లూ ఏటా పెద్దల అమావాస్యకి నాకు దండ వేశారు. ఆవిడ పోయాక ఆ రేకు మా ఇంటికి వచ్చింది. టార్నీట్ ఇంట్లో ముందుగదిలో దానికో ప్రత్యేకమైన దీపం పెట్టించాను. వచ్చిన ప్రతి అతిథికీ చెప్పాను: ఈ ఒక్క పటం చూసి తుని వారు పిల్లనిచ్చారు, కోట చూడలేదు, భూములు అడగలేదు, మొహంలో వంశాన్ని చూశారు. దండ సంగతి చెప్పేవాణ్ణి కాదు. అది అప్రస్తుతం.

మొన్న శనివారం నీలిమ కారు నడుపుతుండగా ముగ్గురం ఆ ఊరికి బయల్దేరాం. దారి పొడుగునా నేను పటం కథ చెబుతూ ఉన్నాను.

"నాన్నా, ప్లీజ్, ఐ నో దిస్ వన్," అంది నీలిమ. "ద పోర్ట్రెయిట్, ద డిగ్నిటీ, ద స్పైన్."

"తెలిస్తే మంచిదే. పటం గొప్పదనం నీ తరానికి అర్థం కాదు. నీ ఫోన్లో వెయ్యి ఫోటోలున్నాయి, ఒక్కదానిలోనైనా కదలకుండా ఉన్నావా?"

"వై వుడ్ ఐ?"

 వెనక సీట్లో సుభద్ర కిటికీలోంచి గొర్రెల్ని చూస్తోంది.

కొట్టు సగం ఖాళీ అయింది. మఖ్మల్ కోట్లు ఏదో నాటక బృందానికి ఇచ్చేశారట. మస్తాన్ గారి మీసం పూర్తిగా నెరిసింది. ఖైరున్ గారు కుర్చీలో కూర్చునే ఉల్లిపాయలు ఎలా వేయించాలో కొడుక్కి ఫోన్లో చెబుతున్నారు. ఒకే ఒక్క రేకుకి మందు మిగిలిందని, మమ్మల్నిద్దర్నీ తీస్తానని మస్తాన్ గారు అన్నారు. నేను కుర్చీ అంచున సర్దుకుని, స్టాండు అడిగాను.

"ఇప్పుడెందుకు దొరా మెడ? పెళ్లి అయిపోయిందిగా," అని, సుభద్ర వైపు తిరిగి, మామూలుగా అడిగారు, "అమ్మా, ఆ రెండో రేకు తుప్పు పట్టలేదు గదా? వార్నిష్ పల్చగా పడిందని ఇన్నేళ్లూ నాకు బెంగే."

"లేదండి, బాగుంది," అంది సుభద్ర. "బీరువాలో, పట్టుచీరల కింద పెట్టాను."

నేను వెన్ను కదపకుండా తల మాత్రం తిప్పాను. "ఏ రెండో రేకు?"

ఇద్దరూ నా వైపు చూశారు. మస్తాన్ గారు కెమెరా మీద నల్లగుడ్డ కప్పుకుని అందులోకి వెళ్లిపోయారు.

"పార్సిల్ విప్పింది నేనేనండీ," అంది సుభద్ర. "విదేశాల నుంచి వచ్చిందని నాయనమ్మ ముట్టుకోనంది. అట్టల కింద ఇంకోటి ఉంది, వడల కేక సంగతి రాసిన చీటీతో. రెండు ముక్కులు, నోరంతా తెరిచి. రెండిట్లో తలపాగా ఒకటే, కోటు ఒకటే. మొదటిదాన్ని నాయనమ్మ తీసుకుని దండ వేసింది. రెండోది నేను దాచుకున్నాను."

"అంటే ఆ రోజు తలుపు పక్కన..."

"మీరు 'ప్రశాంతంగా' అన్నారు. ఇక ఆగలేకపోయాను."

"మరి సంబంధానికి ఒప్పుకున్నది?"

"మొదటి పటం మొహం చూసి ఎవరైనా ఒప్పుకుంటారా?" అంది, ఎంతో మామూలుగా. "నాకు భయం వేసింది. రెండోది చూశాక, ఈ మనిషిని నవ్వించొచ్చు అనుకున్నాను. అంత కష్టమని తెలీదు."

నీలిమ గోడ వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. నేను ముందుకి తిరిగి, మా తాతగారు నేర్పినట్టు వెన్ను నిలబెట్టాను. ఎన్నో ఏళ్లుగా మా ముందుగదిలో ఆ పటం కింద నిలబడి ఎందరికి చెప్పానో ఒక్కొక్కరే గుర్తొచ్చారు. మేయరుగారికి కూడా చెప్పాను.

"రెడీనా?" నల్లగుడ్డలోంచి వినిపించింది. మూత తీశారు. "గుంటూరు... వేజెండ్ల..." గొంతు వణికింది, పెద్దవారైపోయారు. "సంగం జాగర్లమూడి..." నేను కదల్లేదు. ఇంకా రెండే స్టేషన్లు. ఇప్పటికైనా ఒక్క రేకు సరిగ్గా రావాలని, నాదంటూ అది ఒక్కటైనా మిగలాలని పళ్లు బిగించాను. "అంగలకుదురు..."

నా చెవి పక్కన, పెదవులు కదలకుండా, ముక్కుతో, సుభద్ర మెల్లగా అంది: "వడే... వేడి వేడి వడే..."

ఇప్పుడు ముందుగదిలో దీపం కింద ఆ మూడో రేకు ఉంది. అందులో సుభద్ర, మొదటి పటంలో నేనున్నట్టే, రాయిలో చెక్కినట్టు, వెంట్రుక కదలకుండా ఉంది. ఆమె పక్కన నవ్వుకి పొగలా చెదిరిన మనిషి ఎవరో పోల్చుకోవడం కష్టం. దండ వేయించుకున్న పాతదాన్ని బీరువాలో పట్టుచీరల కింద, రెండోదాని పక్కన పెట్టాం. ఇనుప మెడ గుమ్మం పక్కన నిలబడి నీలిమ హ్యాండ్‌బ్యాగు మోస్తోంది. అతిథులు అడిగితే నేను వెన్ను ఆనించకుండానే జవాబు చెబుతున్నాను. ఈ పటంలో కదిలినది నేనే, ఇలా కదిలిన రేకు చూసే తుని వారి అమ్మాయి ఒప్పుకుంది అంటాను. కథ మొత్తం అదే, పటం మాత్రం మార్చాను.